పొద్దునకల్లా దిగిపోతున్న ఎస్-10: పంపు మార్చే ముందు చూడాల్సినవి

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను. పోయిన ఏడాది 1995 మోడల్ షెవ్రొలే ఎస్-10 పికప్ కొన్నాను. స్విచ్ నొక్కితే బండిని లేపి దించే హైడ్రాలిక్స్ పాత ఓనరే వేయించాడు. రెండు పంపులు, నాలుగు బ్యాటరీలు. ముందు పంపుకి 48 వోల్టులు, వెనక పంపుకి 24 అని చెప్పాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు రాత్రి ముందుభాగం లేపి పెడితే పొద్దునకల్లా పూర్తిగా దిగిపోతోంది. నేల మీద ఒక్క నూనె చుక్క లేదు. రెండు మూడుసార్లు స్విచ్ నొక్కేదాకా బాగానే లేస్తుంది, తర్వాత టకటకమని చప్పుడే తప్ప కదలదు. వెనక పంపు పనిచేస్తుంది గానీ నీరసంగా. ముందు లేపినప్పుడు ఎడమవైపు మొదట లేస్తుంది, కుడివైపు ఆ తర్వాత. ఒక షాపులో చూపిస్తే రెండు పంపులూ, ముందు సిలిండర్లూ మార్చాలన్నారు. వచ్చే నెల షోకి తీసుకెళ్లాలని ఉంది. ఏం చేయమంటారు? నూనె తగ్గితే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోయొచ్చా? ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు చూసి "ఇంత డబ్బు పోసి ట్రాక్టర్ ట్రాలీ కొన్నావేంట్రా" అని నవ్వుతున్నారు.

జవాబు: మీ నాన్నగారు ఎగతాళికే అన్నా, మాట సరైనదే. ట్రాలీ కింద ఉండే హైడ్రాలిక్ జాకీ నూనె ఒత్తిడితో లేస్తుంది, దిగడానికి ఒత్తిడి అక్కర్లేదు, పైనున్న బరువే దించేస్తుంది. మీ బండి ముందు చక్రాల దగ్గర స్ప్రింగుల మీద ఉన్న సిలిండర్లూ ఆ రకమే. నూనె ఒక్కవైపు నుంచే లోపలికి పోతుంది, అదే దారిన వెనక్కి వస్తుంది. ఇది లోరైడర్ల కోసమే, అంటే బండిని నేలకి ఆనేంత కిందికి దించి నడిపే సరదా ఉన్నవాళ్ల కోసమే పుట్టిన సామాను కూడా కాదు. బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు అంచు కంటే కిందికి ఉండకూడదని కాలిఫోర్నియాలో 1958లో చట్టం వచ్చింది. దానికి విరుగుడుగా శాన్ బెర్నార్డినో కుర్రాడు రాన్ అగిర్రే 1959లో తన కార్వెట్‌కి పాత విమానాల హైడ్రాలిక్ పంపులు, వాల్వులు బిగించుకున్నాడు. పోలీసు ఎదురైతే బండి లేస్తుంది, దాటిపోయాక దిగుతుంది. ఆ నిబంధనని కాలిఫోర్నియా 2024 జనవరి 1 నుంచి ఎత్తేసింది, ఈ అలవాటు మాత్రం మిగిలిపోయింది. నాన్నగారికి ఈ కథ చెప్పి చూడండి.

ఇక మీ బండి సంగతి. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు తేడాలున్నాయి. ఒకటి నూనె నిలవకపోవడం, రెండోది కరెంటు సరిగ్గా అందకపోవడం. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. షాపువాళ్లు రెండింటినీ కలిపి ఒకే బిల్లు చేసినట్టున్నారు. ఇప్పుడప్పుడే ఏమీ కొనకండి. ఒక కొలత టేపు, వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి, పక్కన స్విచ్ నొక్కడానికి ఒక మనిషి ఉంటే శనివారం ఒక్క పూటలో చాలావరకు తేలిపోతుంది.

చెయ్యి పెట్టేముందు మూడు మాటలు. హైడ్రాలిక్స్ మీద నిలబడిన బండి కిందికి దూరకండి, తల కూడా పెట్టకండి. ఫ్రేము కింద జాక్ స్టాండ్లు వేసి, బరువు వాటి మీదికి దింపాకే వెళ్లండి. ఏ హోస్ విప్పాలన్నా ముందు బండిని పూర్తిగా దించి, బ్యాటరీల గ్రౌండ్ తీసేయండి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూసే పని అసలే వద్దు. హోస్‌లో సన్నటి చిల్లు పడితే ఒత్తిడి మీదున్న నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినట్టు కనిపించినా లోపల కండని పాడు చేస్తుంది, వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిన దెబ్బ అది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఉంగరం, స్టీలు వాచీ కూడా తీసి పక్కన పెట్టండి, ఆ నాలుగు బ్యాటరీల మధ్య పని చేస్తున్నారు కాబట్టి.

మొదట నూనె. పంపు నుంచి వచ్చిన నూనె చెక్ వాల్వ్ దాటి, హోస్ గుండా సిలిండర్లోకి పోతుంది. చెక్ వాల్వ్ పని ఒక్కటే, పోయిన నూనెని మళ్లీ పంపులోకి రానివ్వకపోవడం. మీరు దించే స్విచ్ నొక్కితే డంప్ వాల్వ్ తెరుచుకుని నూనె ట్యాంకులోకి దిగుతుంది. రాత్రంతా బండి దిగిందంటే సిలిండర్లో నూనె ఎటో పోయింది. నేల మీద పడలేదు, కాబట్టి తిరిగి ట్యాంకులోకే వచ్చింది. రావడానికి దారులు రెండే, చెక్ వాల్వ్ లేదా డంప్ వాల్వ్. ఈ రకం సిలిండర్లో సీలు పోతే నూనె పైకి, రాడ్ చుట్టూ కారుతుంది, లోపల్లోపల ఎక్కడికీ పోదు. అందుకే సిలిండర్లు మార్చాలన్న మాట నాకు నమ్మబుద్ధి కావట్లేదు. ఒక్క అనుమానం తీర్చుకోండి: కారిన నూనె స్ప్రింగు గిన్నెలో, ఫ్రేము మడతల్లో ఆగిపోయి నేలదాకా రాకపోవచ్చు. తెల్ల గుడ్డతో సిలిండర్ రాడ్డు, హోస్ చివరలు, కింది ఆర్మ్ శుభ్రంగా తుడిచి, మర్నాడు మళ్లీ అదే గుడ్డతో తుడవండి. గుడ్డ పొడిగా వస్తే సిలిండర్ల గొడవ అక్కడితో సరి.

ఇప్పుడు ఆ రెండు వాల్వుల్లో దొంగ ఏదో పట్టుకోవాలి. ముందు పంపు బ్లాకు దగ్గర డంప్‌కి ముందు చిన్న పిడి ఉన్న వాల్వ్ కనిపిస్తుంది, దాన్ని స్లోడౌన్ అంటారు. బండి దబ్బున పడకుండా మెల్లగా దిగేందుకు నూనె దారిని సన్నం చేసేది అదే. చాలా సెటప్పుల్లో అది పూర్తిగా మూసుకుంటుంది కూడా. సాయంత్రం ముందుభాగం సగందాకా లేపండి. చక్రం మధ్యబిందువు నుంచి ఫెండర్ అంచుదాకా రెండువైపులా టేపుతో కొలిచి, మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి ఫెండర్‌కి అంటించండి. స్లోడౌన్ పిడి ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకుంటూ మెల్లగా మూసేయండి, బలవంతంగా బిగించకండి. పొద్దున మళ్లీ కొలవండి. కొలత అలాగే ఉంటే లీకు డంప్ వాల్వ్‌లో. ఎప్పట్లాగే దిగిపోతే చెక్ వాల్వ్‌లో. కొన్నిసార్లు చెక్ వాల్వ్ బాగా పోయినప్పుడు, బండి దిగుతుంటే పంపు మోటారు తనంతట తాను వెనక్కి మెల్లగా తిరగడం కూడా వినిపిస్తుంది. రాత్రి చలికి కాస్త తగ్గడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పరీక్ష అయ్యాక పిడిని లెక్కపెట్టిన చుట్లే వెనక్కి తిప్పడం మర్చిపోకండి, లేకపోతే దించే స్విచ్ నొక్కినా బండి దిగక ఇంకో టెన్షన్.

డంప్ అని తేలితే కొత్తది కొనే ముందు విప్పి చూడండి. బండి దించి, గ్రౌండ్ తీసి, వాల్వ్ విప్పి తెల్ల కాగితం మీద పెట్టి, లోపలి పిస్టన్, అది ఆనుకునే సీటు టార్చిలైట్ వేసి చూడండి. నా అనుమానం ఏంటంటే అక్కడ మీకు చిన్న తెల్లటి పీలిక దొరుకుతుంది. ఫిట్టింగులకి చుట్టే టెఫ్లాన్ టేపు అది. పైపు మర మొదటి చుట్టు నుంచే టేపు చుడితే, బిగించేటప్పుడు దాని కొస తెగి నూనెలో పడుతుంది. తిరిగి తిరిగి ఏదో ఒక వాల్వ్ సీటు మీద ఇరుక్కుంటుంది. వెంట్రుకంత పీలిక అడ్డుపడినా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. తీసేసి, శుభ్రం చేసి, ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) కొత్తది వేసి బిగిస్తే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. సీటు మీద గోరు తగిలేంత గీత పడి ఉంటే మాత్రం మార్చాల్సిందే. మళ్లీ బిగించేటప్పుడు మొదటి రెండు మరలు వదిలేసి టేపు చుట్టండి, లేదా హైడ్రాలిక్స్‌కి పనికొచ్చే మర పేస్టు వాడండి.

చెక్ వాల్వ్ అయితే శుభ్రం చేయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పాత ఓనరు బండిని బాగా ఎగిరించేవాడైతే లోపలి స్ప్రింగు, గుండు దెబ్బతిని ఉంటాయి. పంపు ధరతో పోలిస్తే అది చిల్లర ఖర్చు, కొత్తది వేసేయండి. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, బాణం మొన సిలిండర్ వైపు ఉండాలి.

ఇక టకటక చప్పుడు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వివరం ఇదే, ఎందుకంటే సగం జవాబు అందులోనే ఉంది. ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే అది వేరే సంగతి, సోలినాయిడ్ (స్విచ్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే రిలే) లోపలి పాయింట్లు కాలిపోయో, మోటారు బ్రష్షులు అరిగిపోయో ఉంటాయి. మీకు వస్తున్నది ఆగకుండా టకటక. సోలినాయిడ్ పట్టుకుంటోంది, పట్టుకోగానే మోటారు వందల యాంపియర్లు లాగుతోంది, ఆ దెబ్బకి బ్యాటరీ వోల్టేజి పడిపోయి సోలినాయిడ్ కాయిల్‌కే కరెంటు చాలక వదిలేస్తోంది. వదిలేయగానే వోల్టేజి కోలుకుని మళ్లీ పట్టుకుంటోంది. ఆ చప్పుడు పంపుది కాదు, బ్యాటరీది.

ఏ బ్యాటరీ? మీ వైరింగు ఎలా ఉంటుందో చూడండి. నాలుగూ వరసగా కలిపి ఉంటాయి. మొదటిదాని నెగెటివ్ ఫ్రేముకి గ్రౌండ్. రెండోదాని పాజిటివ్ దగ్గర 24 వోల్టులు, అక్కడినుంచి వెనక పంపుకి ఒక కేబుల్. నాలుగోదాని పాజిటివ్ దగ్గర 48, అది ముందు పంపుకి. అంటే మొదటి రెండు బ్యాటరీలు రెండు పంపులకీ చాకిరీ చేస్తాయి, మూడూ నాలుగూ ముందు పంపుకి మాత్రమే. పైగా స్విచ్‌ల కరెంటు కూడా సాధారణంగా మొదటి రెండింటి నుంచే తీస్తారు. ఆ రెండూ ముందే అలిసిపోతాయి. మీ ముందు పంపు ఆగిపోవడం, వెనకది నీరసించడం, స్విచ్ పట్టు వదిలేయడం మూడూ ఒకేసారి జరుగుతున్నాయంటే వేలు నేరుగా మొదటి రెండింటి వైపే చూపిస్తోంది. ముందుది ఒక్కటే ఆగి వెనకది చురుగ్గా ఉంటే మూడూ నాలుగూ చూడమనేవాణ్ణి.

అనుమానం తీరాలంటే, మధ్య కేబుళ్లు విప్పి, ఒక్కో బ్యాటరీనీ విడివిడిగా 12 వోల్టుల చార్జర్‌తో నిండా చార్జ్ చేయండి. నాలుగింటికీ కలిపి ఒకే చార్జర్ పెట్టడం నాకిష్టం లేదు, బలంగా ఉన్నవి అతిగా చార్జ్ అవుతాయి, నీరసించినవి అలాగే ఉండిపోతాయి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, గరాజ్ తలుపు తెరిచి ఉంచండి, దగ్గర్లో నిప్పు వద్దు. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయండి. ఒక రాత్రి వదిలేసి పొద్దున కొలిస్తే 12.6 వోల్టులు లేదా కాస్త పైన చూపించాలి. నిండా చార్జ్ చేశాక కూడా 12.4 దాటకపోతే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోండి.

అసలు పరీక్ష బరువు పడ్డప్పుడు. కేబుళ్లన్నీ మళ్లీ బిగించాక మీటరు మొదటి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య పెట్టి, పక్కనున్న మనిషిని ముందు స్విచ్ రెండు సెకన్లు నొక్కమనండి. ఎంతకి పడిందో రాసుకోండి. అలాగే నాలుగూ. బాగున్నవి అన్నీ ఇంచుమించు ఒకే మోతాదులో పడతాయి. ఒకటి మాత్రం మిగతావాటికంటే రెండు మూడు వోల్టులు ఎక్కువ పడితే అదే మీ దొంగ. బండి పూర్తిగా లేచాక కూడా స్విచ్ నొక్కిపట్టి ఉంచకండి, కదలని పంపు మీద మోటారు కాలిపోతుంది.

ఒకటే పోయినా నాలుగూ మార్చడం మంచిది. మూడు పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే కొత్తది కూడా త్వరగా ముసలిదవుతుంది. బడ్జెట్ లేకపోతే కనీసం మొదటి రెండూ జతగా మార్చండి. తర్వాత కొన్ని నెలలకోసారి మొదటి రెండింటినీ మూడు నాలుగు స్థానాల్లోకి, వాటిని ఇటు మార్చుకుంటూ ఉంటే అన్నీ సమానంగా అరుగుతాయి.

బ్యాటరీలు నెగ్గితే కేబుళ్ల వైపు వెళ్లండి. స్విచ్ నొక్కి ఉన్నప్పుడు ఒక కేబుల్ ఈ చివర లగ్గు (బోల్టుకి బిగించే లోహపు కొస) నుంచి ఆ చివర లగ్గుకి కొలిస్తే దాదాపు సున్నా రావాలి. అర వోల్టు దాటిందంటే ఆ లగ్గు వదులైందో, లోపల పచ్చగా చిలుం పట్టిందో. మోటారు బాడీ నుంచి మొదటి బ్యాటరీ నెగెటివ్‌కి కూడా ఇలాగే కొలవండి, ఫ్రేముకి గ్రౌండ్ బిగించినచోట పెయింటు గీకకుండా బోల్టు వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. సోలినాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య కూడా అదే లెక్క. 48 వోల్టుల సెటప్పులో రెండో మూడో సోలినాయిడ్లు వరసగా ఉంటాయి, ఒక్కొక్కటీ విడిగా చూడండి. స్విచ్ వదిలినప్పుడు అక్కడ పెద్ద వోల్టేజి కనిపిస్తుంది, కంగారు పడకండి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. నీరసించిన బ్యాటరీలతో టకటకలాడిస్తూ స్విచ్ నొక్కుతూ పోతే సోలినాయిడ్ పాయింట్లు నిప్పురవ్వలకి కరిగి అతుక్కుపోతాయి. అప్పుడు స్విచ్ వదిలినా పంపు ఆగదు. గ్రౌండ్ కేబుల్ మీద చేత్తో లాగితే ఊడొచ్చే క్విక్ డిస్‌కనెక్ట్ ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే మిగతావన్నీ ఆపి ముందు అది పెట్టించండి, అందేచోట. పక్కనే ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా.

ఎడమవైపు ముందు లేవడం గురించి మాత్రం అంత బెంగ అక్కర్లేదు. ఒకే పంపు, ఒకే హోస్ నుంచి T ఆకారపు ఫిట్టింగు వేసి రెండువైపులకీ నూనె పంపినప్పుడు తేలికగా ఉన్నవైపు మొదట లేస్తుంది, నూనె సులువైన దారే చూసుకుంటుంది. రెండూ చివరికి ఒకే ఎత్తుకి వస్తుంటే వదిలేయండి. కుడివైపు గొణుగుతూ, ఎగుడుదిగుడుగా లేస్తుంటే కంట్రోల్ ఆర్మ్ బుష్షులు పట్టేసి ఉండొచ్చు, సిలిండర్ వంకరగా కూర్చుని ఉండొచ్చు. లేచేటప్పుడు స్పాంజి మీద కూర్చున్నట్టు ఊగుతుంటే హోస్‌లో గాలి ఉంది. సగం లేపడం, పూర్తిగా దించడం నాలుగైదుసార్లు చేస్తే చాలావరకు ట్యాంకులోకి వచ్చేస్తుంది.

ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోయకండి. ఇప్పుడున్న నూనె ఏదో తెలియకుండా వేరేది కలపడం తప్పు. ఏడబ్ల్యూ 32 హైడ్రాలిక్ ఆయిల్ గానీ, డిటర్జెంట్ లేని ఎస్ఏఈ 30 గానీ వాడతారు. రెండింట్లో ఏది మంచిదని లోరైడర్లు తెల్లారేదాకా వాదించుకుంటారు, మీరు ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. పాత నూనె మొత్తం తీసేసి, ట్యాంకు అడుగున మడ్డి తుడిచి, కొత్తది పోయడమే నా సలహా. తీసిన నూనెని గాజు సీసాలో పట్టి చూడండి: పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి, అడుగున మెరిసే రజను దిగితే అప్పుడు పంపు గేర్లు నిజంగానే అరుగుతున్నాయి, షాపువాళ్ల మాటలో ఆ ఒక్క ముక్క నిజం కావచ్చు. నూనె మట్టం ఎప్పుడూ బండి పూర్తిగా దించాకే చూడాలి. లేచి ఉన్నప్పుడు తక్కువగా కనిపించిందని నింపితే, దించగానే సిలిండర్లలో నూనె అంతా తిరిగొచ్చి పొంగి బండి వెనక బెడ్ నిండా పారుతుంది. మీకు "తగ్గినట్టు" కనిపించింది అలాంటిదేనేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. అంటే మీ బండి కిందికి టార్చి వేసి చూసే మనిషి ఇక మీరే. ముందుభాగం పూర్తిగా లేపినప్పుడు బ్రేకు హోస్ బిగుసుకుంటోందా, బాల్ జాయింట్ రబ్బరు చిరిగిందా, వెనక లేపినప్పుడు డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ ఎక్కడైనా పట్టేస్తోందా అన్నది స్టాండ్ల మీద పెట్టి చూడండి. వాల్వ్ లీకు తేలేదాకా హైవే ఎక్కవద్దు. దారిలో ముందుభాగం దిగుతూ పోతే అలైన్‌మెంట్ మారిపోయి స్టీరింగ్ పక్కకి లాగుతుంది, టైరు ఫెండర్‌ని రాసుకుంటుంది.

ఫెండర్ కొలతలు, నాలుగు బ్యాటరీల రీడింగులు రాసి పంపితే తర్వాత ఏం కొనాలో, ఏం అక్కర్లేదో చెప్తాను. షో తేదీ ముంచుకొచ్చి ట్రెయిలర్ మీద తీసుకెళ్లాల్సి వస్తే, బండిని పూర్తిగా దించి, గ్రౌండ్ డిస్‌కనెక్ట్ లాగేసి, అప్పుడే స్ట్రాపులు కట్టండి. లేపి కట్టారంటే దారిలో అది దిగిపోతుంది, స్ట్రాపులు వదులై బండి ట్రెయిలర్ మీద కదలడం మొదలెడుతుంది.